ఎవరి వైపు తిరిగి పాడతారు? అమెరికా బృందగానం వెంట ఒక ప్రయాణం

గురువారం, నాష్‌విల్

నాష్‌విల్‌కు వచ్చేవాళ్ళలో చాలామంది బ్రాడ్వే వీధిలో కంట్రీ సంగీతం వినిపించే బార్ల కోసం వస్తారు. అట్లాంటా నుంచి నన్ను కారులో తీసుకువచ్చిన మా మేనల్లుడు కూడా ముందుగా ఆ వీధికే వెళ్దామన్నాడు. ఊరికి ఉత్తరాన ఉన్న ఫిస్క్ విశ్వవిద్యాలయం చూశాకే మిగతావన్నీ అని నేను పట్టుబట్టాను. ఈ దేశంలో మేము ఎవరం, మా చోటు ఎక్కడ అన్న ప్రశ్నను గుంపుగా కలిసి పాడుతూ అడిగినవాళ్ళ చరిత్ర వెతుక్కుంటూ బయలుదేరినవారు ఎటు నుంచి మొదలుపెట్టినా ఈ ప్రాంగణానికి రాక తప్పదు.

అంతర్యుద్ధం ముగిసిన మరుసటి సంవత్సరం, 1866లో, సైన్యం ఖాళీ చేసిన ఆసుపత్రి బ్యారక్‌లలో ఈ విద్యాసంస్థ మొదలైంది. బానిసత్వం నుంచి అప్పుడే విడుదలైన నల్లజాతివారికి చదువు చెప్పడం కోసమే దీన్ని స్థాపించారు. అయిదేళ్ళు గడిచేసరికి డబ్బులేక మూతపడే స్థితి వచ్చింది. అప్పుడు కోశాధికారి పని చూస్తూ సంగీతం కూడా నేర్పుతున్న జార్జ్ ఎల్. వైట్ అనే తెల్లజాతి ఉపాధ్యాయుడు, తొమ్మిదిమంది విద్యార్థులను వెంటబెట్టుకుని 1871 అక్టోబరు 6న కచేరీల యాత్రకు బయలుదేరాడు. ఆ విద్యార్థులలో ఎక్కువమంది బానిసలుగా పుట్టినవాళ్ళే. సిన్సినాటిలో వాళ్ళకు వచ్చిన రాబడి యాభై డాలర్లకు లోపే. సరిగ్గా ఆ రోజుల్లోనే షికాగో నగరం తగలబడిపోయింది. తమ చేతిలో తిరుగు ప్రయాణానికి కూడా చాలని ఆ డబ్బును వాళ్ళు అగ్నిబాధితులకు ఇచ్చివేశారు.

మొదట్లో వాళ్ళు పాడినవి బానిసల పాటలు కావన్న సంగతి చాలామంది గమనించరు. యూరప్ సంగీతమూ, ఆనాడు జనం మెచ్చిన పాటలూ పాడేవారు. ఇప్పుడు మనం స్పిరిచువల్స్ అని పిలిచే పాటలు వాళ్ళ తల్లిదండ్రులవి. పొలాల్లోనూ రహస్య ప్రార్థనల్లోనూ పాడుకున్నవి, పవిత్రమైనవి, అదే సమయంలో బానిసత్వపు రోజులను గుర్తుకు తెచ్చేవి. వాటిని నలుగురి ముందు పాడాలన్న ఆలోచనే తమకు ఉండేది కాదని బృందంలో పియానో వాయించిన ఎల్లా షెపర్డ్ తర్వాతి రోజుల్లో రాసుకుంది. వైట్ గదిలో తలుపులు మూసుకుని, నేలమీద కూర్చుని, మెల్లగా పాడి వినిపించేవారట. అదే ఏడాది నవంబరులో ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్‌లో చర్చి పెద్దల మహాసభ జరుగుతున్నప్పుడు, సభ మధ్యలో వాళ్ళు ఈ పాటల్లో ఒకటి అందుకున్నారు. మాట్లాడుకుంటున్న పాదిరులందరూ ఆగి విన్నారు. అక్కడి నుంచి యాత్ర దారి మారిపోయింది. కొలంబస్‌లో ఉండగా వైట్ వాళ్ళకు జూబిలీ సింగర్స్ అని పేరు పెట్టాడు. బానిసలకు విడుదల ప్రకటించే సంవత్సరం గురించి బైబిలులో ఉన్న మాటే ఆ పేరుకు మూలం.

నన్ను ఈ యాత్రకు పురికొల్పిన సందేహం ఇక్కడే ఉంది. తలుపులు మూసుకుని ఒకరి వైపు ఒకరు తిరిగి పాడుకున్న పాట, వేదిక ఎక్కి ప్రేక్షకుల వైపు తిరిగినప్పుడు ఏమవుతుంది? ఆనాటి తెల్లవారికి నల్లవారి సంగీతమంటే ముఖానికి మసి పూసుకుని వెక్కిరించే మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలే. ఆ వెక్కిరింతకు ఏమాత్రం సందు ఇవ్వకుండా, జూబిలీ గాయకులు కదలకుండా నిలబడి, ఉచ్చారణ దిద్దుకుని, నాలుగు గొంతుల శ్రుతిమేళనంలో, సన్నటి స్వరం కూడా వెనుక వరుసకు వినిపించేలా పాడారు. గౌరవం దక్కింది. 1872లో అధ్యక్షుడు గ్రాంట్ ముందు, 1873లో ఇంగ్లండు రాణి విక్టోరియా ముందు పాడారు. అయితే పొలంలో ఉన్న కేకా, అడుగుల తాళమూ, పాట మధ్యలో ఎవరికి తోచినట్టు వారు అందుకునే స్వేచ్ఛా ఆ తూకంలో కొంత తగ్గిపోయాయన్నది నా అభిప్రాయం. అందుకు వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

తొలి యాత్ర సంపాదించిన ఇరవై వేల డాలర్లతో విశ్వవిద్యాలయం కొత్త స్థలం కొనుక్కుంది. 1876 జనవరి 1న జూబిలీ హాల్ ప్రారంభమైంది. గోథిక్ పద్ధతిలో కట్టిన ఈ ఎత్తైన ఇటుక భవనం ఇప్పుడు విద్యార్థినుల వసతిగృహం. అనుమతి తీసుకుని లోపలికి వెళ్తే, ఎడ్మండ్ హావెల్ అనే ఆంగ్ల చిత్రకారుడు గీసిన గాయకుల చిత్రం నేలనుంచి పైకప్పుదాకా గోడను ఆక్రమించుకుని కనిపిస్తుంది. మా మేనల్లుడు చాలాసేపు దాని ముందు నిలబడి, "మామయ్యా, అంటే పాటలు అమ్మి కట్టిన భవనమా ఇది?" అని అడిగాడు. "అమ్మారో, అప్పగించారో, తాకట్టు పెట్టారో తేల్చడం కష్టంరా. భవనం మాత్రం వాళ్ళదే అయింది" అన్నాను.

వేసవి సెలవులు కావడంతో ఇప్పటి బృందాన్ని ప్రత్యక్షంగా వినే అవకాశం లేకపోయింది. నేను విన్నవి రికార్డింగులు, చూసినవి వీడియోలు. వాటిలో నన్ను ఆకట్టుకున్నది ఒకటే: వేదిక మీద గాయకుల ముందు చేతులు ఊపే నిర్వాహకుడు ఉండడు. ఒకరి ఊపిరిని ఒకరు కనిపెట్టుకుని మొదలుపెడతారు. 1994 నుంచి 2022లో మరణించేవరకు బృందాన్ని నడిపించిన పాల్ క్వామీ ఆఫ్రికాలోని ఘనాలో పుట్టి, ఫిస్క్‌కు చదువుకోవడానికి వచ్చి, ఈ బృందంలోనే పాడినవాడు. ఆయన నాయకత్వంలో చేసిన ఆల్బమ్‌కే 2021లో గ్రామీ పురస్కారం వచ్చింది. ప్రతి ఏటా అక్టోబరు 6న విద్యార్థులు ఇదే ఊళ్ళో ఉన్న తొలి గాయకుల సమాధుల దగ్గరికి వెళ్ళి పాడివస్తారు. అప్పుడు టికెట్టు కొన్న ప్రేక్షకులు ఎవరూ ఉండరు.

శుక్రవారం, దారిలో

చాటనూగా మీదుగా అలబామా వైపు ప్రయాణం. టెన్నెసీ నది దాటాక రోడ్డు కొండెక్కి ఒక బల్లపరుపు మైదానం మీదికి చేరుతుంది. దీన్నే శాండ్ మౌంటెన్ అంటారు. మొక్కజొన్న చేలు, పొడవాటి కోళ్ళ షెడ్లు, ప్రతి మలుపులోనూ ఒక చర్చి. రాత్రి బస చేసిన మోటెల్‌లో మేనల్లుడు ఇంటినుంచి తెచ్చిన పులిహోర తిన్నాం. చెప్పుకోదగ్గది ఇంకేమీ లేదు.

శనివారం, హెనగర్ పరిసరాలు

ఉదయం తొమ్మిదిన్నరకు ఒక చిన్న తెల్ల చర్చి ముందు కారు ఆపాం. లోపల బల్లలు మామూలుగా వేదిక వైపు తిరిగి లేవు. నాలుగు వైపులా, నడుమ ఖాళీ చదరం వదిలి, లోపలికి తిరిగి ఉన్నాయి. పాటలోని నాలుగు రకాల గొంతులకు నాలుగు వైపులు: ఒక వైపు టెనర్, దాని ఎదురుగా ఆల్టో, పక్కల హెచ్చు స్థాయి ట్రెబుల్, తగ్గు స్థాయి బేస్. తలుపు దగ్గర నిలబడిన పెద్దావిడ మేము ఎవరమో, ఏ మతస్థులమో, పాడటం వచ్చో రాదో ఏమీ అడగలేదు. అడ్డంగా పొడవైన ఒక లావుపాటి పుస్తకం చేతికిచ్చి, టెనర్ వైపు కూర్చోమంది. అసలు వరస ఆ గొంతులోనే ఉంటుంది కాబట్టి కొత్తవాళ్ళకు అదే సులువట.

ఆ పుస్తకం పేరు సేక్రెడ్ హార్ప్. జార్జియా రాష్ట్రానికి చెందిన బి. ఎఫ్. వైట్, ఇ. జె. కింగ్ 1844లో దీన్ని వెలువరించారు. తరాల తరబడి దిద్దుబాట్లతో, కొత్త పాటల చేర్పులతో ఇప్పటికీ వాడుకలో ఉంది. సంగీతం చదవడం రాని రైతులకు సులువుగా నేర్పడానికి ఇందులో స్వరాలను ఆకారాలతో అచ్చువేశారు: ఫా త్రికోణం, సోల్ గుండ్రం, లా చతురస్రం, మీ డైమండు గుర్తు. ఏడు స్వరాలకు ఉన్న పేర్లు నాలుగే. ఫా సోల్ లా, మళ్ళీ ఫా సోల్ లా, చివర మీ. ప్రతి పాటనూ మొదట ఈ అక్షరాలతో ఒకసారి పాడి, తర్వాతే మాటలతో పాడతారు. కర్ణాటక సంగీతంలో గీతం నేర్చుకునేటప్పుడు ముందు స్వరం పాడి తర్వాత సాహిత్యం పాడినట్టే. మనదగ్గర అది పిల్లల పాఠంతో ఆగిపోతుంది, ఇక్కడ మాత్రం ఎనభైయేళ్ళవాళ్ళు కూడా ప్రతి పాటకూ అదే చేస్తారు.

పియానో లేదు, ఆర్గన్ లేదు, శ్రుతి పెట్టె లేదు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దాయన కళ్ళు మూసుకుని గొంతులోనే శ్రుతి వెతికి, మూడు స్వరాలు పలికాడు. చదరం మధ్యలో నిలబడిన అమ్మాయి పుటసంఖ్య చెప్పి చెయ్యి కిందికి దించింది. నాలుగు వైపుల నుంచి ఒక్కసారిగా వచ్చిన శబ్దాన్ని అందంగా ఉందనడం అబద్ధమవుతుంది. అది గట్టిది, గరుకైనది, పళ్ళ మధ్య నుంచి వచ్చినంత పదునైనది. వరసను మగవాళ్ళూ ఆడవాళ్ళూ కలిసి వేర్వేరు స్థాయిల్లో పాడుతుంటే, మిగిలిన గొంతులు దానికి తలవంచి తోడుపలకకుండా తమ తమ దారిన నడుస్తుంటే, చెక్కనేల అరికాళ్ళ కింద అదిరింది. ఫ్యూగింగ్ ట్యూన్ అనే రకం పాటల్లో ముందు బేస్, దాని వెనక టెనర్, ఆ తర్వాత ట్రెబుల్, ఆల్టో ఒక్కొక్కటిగా అందుకుంటాయి. కాసేపు నాలుగు దిక్కులా నాలుగు వేర్వేరు మాటలు వినిపించి, చివరి పాదంలో అందరూ కలుస్తారు. బాస్టన్‌లో తోళ్ళు పదును చేసే వృత్తి చేసిన విలియం బిల్లింగ్స్ వంటివారు పద్దెనిమిదో శతాబ్దంలో కట్టిన ఈ తరహా పాటలను ఉత్తరాది నగరాలు పాతబడ్డాయని వదిలేస్తే, దక్షిణాది పల్లెలు నిలబెట్టుకున్నాయి.

నా పక్కన కూర్చున్న ఆవిడ వేలు నా పుస్తకం మీదే ఉంది. నేను తప్పినప్పుడల్లా పాట ఆపకుండానే ఆ వేలు సరైన ఆకారం మీదికి జరిగేది. గోరు చివర పొలంపని మరక ఉన్న ఆ వేలు చూపించిన దారినే రెండో పాట నుంచి నేను నడిచాను.

ఇక్కడ రిహార్సల్ ఉండదు, కచేరీ ఉండదు, చప్పట్లు ఉండవు. వినడానికి వచ్చినవాళ్ళను కూడా తీసుకువెళ్ళి బల్లమీద కూర్చోబెడతారు. ఒక్కరే నాయకుడంటూ లేరు. ఎవరి పేరు పిలిస్తే వారు లేచి మధ్యకు వచ్చి, తమకు నచ్చిన పాట చెప్పి, చెయ్యి పైకీ కిందికీ ఊపుతూ నడిపిస్తారు. ఎనిమిదేళ్ళ కుర్రవాడు పిలుపందుకుని వచ్చి, అంత గుంపునూ తన చిన్న చేతితో నడిపించి వెళ్ళిపోయాడు. మధ్యలో నిలబడితేనే నాలుగు గొంతులూ సమానంగా వినిపిస్తాయి. అక్కడ నిలబడటమే వాళ్ళు ఇచ్చుకునే బహుమానం. మధ్యాహ్నానికి ముందు, గత ఏడాది కాలంలో చనిపోయిన గాయకుల పేర్లు చదివి వారి కోసం ఒక పాట పాడారు. తర్వాత చెట్ల కింద పొడవాటి బల్లల మీద భోజనం: వేయించిన కోడి, చిక్కుడు కూర, మొక్కజొన్న రొట్టె, పీచ్ పండ్ల కాబ్లర్, గొంతు పట్టేంత తీపి టీ. శాకాహారినని చెప్పగానే ముగ్గురు ఆడవాళ్ళు నా పళ్ళెం పట్టుకుని ఏ కూరలో పందికొవ్వు పడిందో ఏరి చెప్పారు. పడనివే తక్కువ.

ఆతిథ్యానికి ముగ్ధుణ్ణయ్యాను కానీ ఒక విషయం నా కంటపడకుండా పోలేదు. ఆ చదరంలో మేమిద్దరం తప్ప దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఇదే రాష్ట్రపు ఆగ్నేయ మూల ఓజార్క్ ఊరి చుట్టుపక్కల నల్లజాతి రైతులు కూడా తరాలుగా ఈ ఆకారాల సంగీతమే పాడారు, ఇలాగే చదరంగా కూర్చుని పాడారు. అయితే తమ సొంత సభల్లో. జడ్జ్ జాక్సన్ అనే ఆయన 1934లో, మహా మాంద్యపు రోజుల్లో, ఎక్కువగా తమవారే కట్టిన పాటలతో కలర్డ్ సేక్రెడ్ హార్ప్ అనే వేరే పుస్తకం వెలువరించవలసి వచ్చింది. లోపలికి తిరిగి కూర్చున్న చదరం లోపలివారందరినీ సమానం చేస్తుంది. బయట ఎవరు మిగిలారో చూడటానికి మాత్రం వెనక్కి తిరగాలి. ఈ మాట మేనల్లుడితో కారులో అన్నాను. "కానీ మామయ్యా, ఈ రోజు మనల్ని కూర్చోబెట్టారు కదా" అన్నాడు. అదీ నిజమే. పోలండులో, ఐర్లండులో, ఇంగ్లండులో కూడా ఇప్పుడు ఈ పుస్తకం పట్టుకుని చదరాలుగా కూర్చుని పాడేవాళ్ళున్నారు.

ఆదివారం, బర్మింగ్‌హామ్

పదహారో వీధి బాప్టిస్టు చర్చిలో 1963 సెప్టెంబరు 15న, పిల్లల ప్రత్యేక ఆరాధన జరగవలసిన ఆదివారం నాడు, బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయారు. ఆ చరిత్ర ఎదుటి పార్కులోని శిల్పాల దగ్గర వివరంగా దొరుకుతుంది కనుక నేను మళ్ళీ చెప్పను. నాకు కావలసింది ఈ ఊరి ఉద్యమ గాయకబృందం. కార్ల్‌టన్ రీస్ అనే యువకుడు ఆర్గన్ వాయిస్తూ నడిపించిన ఆ బృందం, పౌరహక్కుల ఉద్యమానికి సోమవారం రాత్రుళ్ళు జరిగే సభలలో పాడేది. వాళ్ళది ఫిస్క్ తరహా తూకం కాదు, నల్లజాతి చర్చిలలో ఉత్సాహంగా పాడే గాస్పెల్ భక్తిగీతాల ఉరవడి. మరునాడు వీధిలో పోలీసు కుక్కలను ఎదుర్కోబోయే జనం ముందు పాడే పాటకు వినేవాళ్ళెవరు, పాడేవాళ్ళెవరు అన్న తేడా రెండో చరణానికే చెరిగిపోయేదని ఆనాటి రికార్డింగులు వింటే తెలుస్తుంది. చర్చిలో పైన ఉన్న రంగుటద్దాల కిటికీలో చేతులు చాచిన నల్ల క్రీస్తు ఉన్నాడు. వేల్స్ దేశ ప్రజలు చిన్న చిన్న మొత్తాలు చందాలుగా వేసుకుని దాన్ని కానుకగా పంపారు.

సోమవారం, టస్కీగీ

అలబామా ఎండలో, ఫిస్క్‌లాగే నల్లజాతివారి చదువు కోసం వెలసిన టస్కీగీ విశ్వవిద్యాలయపు ప్రార్థనాలయం దూరం నుంచి చూస్తే ఇటుకలతో కట్టిన ఓడలా ఉంది. పాల్ రుడాల్ఫ్ రూపకల్పన చేసిన ఈ కట్టడం 1969లో పూర్తయింది. విద్యార్థులు స్వయంగా కాల్చిన ఇటుకలతో 1898లో లేచిన పాత ప్రార్థనాలయం 1957లో నిప్పంటుకుని కాలిపోయింది. దానితోపాటు పాడే కిటికీలని పేరుపొందిన రంగుటద్దాలు కూడా పోయాయి. అద్దాల మీద గీసినవి సాధారణంగా చర్చిలలో కనిపించే పునీతుల బొమ్మలు కావు, పదకొండు స్పిరిచువల్ పాటలలోని దృశ్యాలు. కొత్త భవనంలో వాటిని తిరిగి చేయించి పెట్టారు. వెలుగు పైకప్పు అంచుల నుంచి దాగుడుమూతలుగా దిగే ఆ పెద్ద చావడిలో, రంగు అన్నది ఆ పాటల అద్దాలకే దక్కింది.

విలియం డాసన్ ఇక్కడి బృందాన్ని దేశం వినేలా చేశాడు. 1899లో అలబామాలోనే ఆనిస్టన్‌లో పుట్టి, పదమూడేళ్ళ వయసులో ఇంటి నుంచి పారిపోయి టస్కీగీకి వచ్చి, పనిచేసుకుంటూ చదువుకున్నాడు. తర్వాత కాన్సస్ సిటీలో సంగీతం చదివి పట్టం పుచ్చుకునే రోజున, తాను రాసిన సంగీతాన్ని వేరేవాళ్ళు వేదిక మీద వాయిస్తుంటే, నల్లవాడైనందుకు పై బాల్కనీలో కూర్చుని వినవలసి వచ్చింది. చప్పట్లు మోగినప్పుడు లేచి నమస్కరించే వీలు కూడా లేదు. 1931లో టస్కీగీ సంగీత విభాగానికి అధిపతిగా తిరిగివచ్చాడు. మరుసటి సంవత్సరం డిసెంబరులో న్యూయార్క్‌లో రేడియో సిటీ మ్యూజిక్ హాల్ ప్రారంభోత్సవానికి వందమంది విద్యార్థుల గాయకబృందాన్ని తీసుకువెళ్ళాడు. 1934లో అతని సింఫనీని ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రా లియోపోల్డ్ స్టకోవ్‌స్కీ నిర్వహణలో వాయించింది.

డాసన్ కూర్చిన పాటలు ఇప్పుడు అమెరికాలో హైస్కూలు గాయకబృందాలు కూడా పాడుతుంటాయి. వినేటప్పుడు కింది గొంతుల మీద చెవి పెట్టండి. బైబిలు ప్రవక్త యెహెజ్కేలు చూసిన చక్రం గురించిన పాటలో, పై గొంతులు కథ చెబుతుంటే, కింద మగ గొంతులు అర్థంలేని చిన్న అక్షరాల గుత్తిని తిప్పి తిప్పి పలుకుతూ చక్రం తిరుగుతున్న భ్రమ కలిగిస్తాయి. ఆ గుత్తి ఒక గొంతు నుంచి మరో గొంతుకు జారుతుంటే ఎవరి దగ్గర మొదలైందో పట్టుకోలేం. ఫిస్క్ తొలితరం తగ్గించుకున్న పొలం లయను డాసన్ ఇలా కచేరీ రూపంలోకే తిరిగి తెచ్చాడని నాకనిపించింది. ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడి కూడా తమలో తాము పాడుకోవడం సాధ్యమేనని అతని సంగీతం చూపిస్తుంది. ఈ ప్రయాణంలో నా సందేహానికి దొరికిన గట్టి జవాబు ఇదే.

ప్రాంగణంలో నడుస్తుండగా మేనల్లుడికి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సాయంత్రానికి అట్లాంటా చేరుకున్నాం, అతని సెలవు అంతటితో అయిపోయింది.

బుధవారం, వాషింగ్టన్

లింకన్ స్మారకం మెట్ల మీద 1939 ఏప్రిల్ 9న, ఈస్టర్ ఆదివారం నాడు, మారియన్ ఆండర్సన్ పాడింది. ఫిలడెల్ఫియాలో చర్చి గాయకబృందంలో చిన్నపిల్లగా పాడటం మొదలుపెట్టిన ఆమెకు, ఈ నగరంలోని కాన్స్టిట్యూషన్ హాలు యజమానులైన మహిళాసంఘం రంగు కారణంగా తలుపు తెరవలేదు. అందుకని ఆరుబయట డెబ్భైయైదు వేలమంది ముందు పాడవలసివచ్చింది. మొదటి పాటగా ఆమె ఎంచుకున్నది నా దేశం, స్వేచ్ఛకు నిలయమైన దేశమని పొగిడే దేశభక్తి గీతం. అందులో ఏకవచనంలో ఉన్న చోట ఆమె మేము అని బహువచనంలో పాడింది. ఒంటరిగా నిలబడి పాడినా అది బృందగానమే అయింది.

ఆ గీతం రాసిన శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్‌కు మన నెల్లూరుతో సంబంధం ఉంది. దైవశాస్త్ర విద్యార్థిగా 1831లో అతను రాసిన ఈ పాటను మొట్టమొదట పాడింది బాస్టన్‌లో ఒక చర్చి పిల్లల బృందం. ఇరవైరెండేళ్ళ తర్వాత అమెరికన్ బాప్టిస్టులు, తగిన ఫలితం కనిపించని తెలుగు మిషన్‌ను మూసివేయాలా అని ఆల్బనీలో చర్చిస్తున్నారు. పటం మీద ఆ మిషన్‌కు మిగిలినది నెల్లూరు అనే ఒక్క చుక్క. సభలో ఎవరో దాన్ని ఒంటరి నక్షత్రమన్నారు. స్మిత్ ఆ రాత్రే ఒంటరి నక్షత్రాన్ని వెలుగుతూ ఉండమంటూ ఒక కవిత రాసి మరునాడు చదివాడు. మిషన్ నిలిచింది. పాతికేళ్ళకు, మహా కరవు వెనువెంట, 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు ఊరి బావి దగ్గరికి కూడా రానివ్వని మాదిగలు. ఒకే కవి రాసిన రెండు రచనలు రెండు ఖండాలలో ఇలా, చోటు లేనివారి చేతికే చేరాయి. ఒంగోలు మిషన్ ఆవరణ పక్కనే పెరిగిన నాకు ఈ సంగతి అరవయ్యేళ్ళు దాటాక తెలిసింది.

ఆండర్సన్‌కు మూసుకున్న ఆ హాలులోనే 1946లో డాసన్ నడిపించిన టస్కీగీ బృందం పాడింది. 1963 ఆగస్టులో ఇవే మెట్ల ముందు రెండున్నర లక్షలమంది గుమిగూడినప్పుడు అధికారిక గాయకబృందం ఈవా జెస్సీది. నల్లజాతి స్త్రీలు బృంద నిర్వాహకులుగా పేరు తెచ్చుకోవడం అరుదైన కాలంలో ఆమె ఆ వృత్తిలోనే జీవితం గడిపింది. ఇప్పుడు ఈ మెట్ల మీద బడిపిల్లల గుంపులు ఫొటోలు దిగుతున్నాయి. నేనున్న గంటలో పాడినవాళ్ళు మాత్రం ఎవరూ లేరు.

శుక్రవారం, శాన్‌ఫ్రాన్సిస్కో

యాత్రలో చివరి మజిలీ వేరే సముద్రం ఒడ్డున ఉంది, వేరే సమాజానిది. నగర సభ భవనం మెట్ల మీద 1978 నవంబరు 27 రాత్రి, ఆ ఉదయమే హత్యకు గురైన మేయర్ జార్జ్ మాస్కోనీ, స్వలింగ సంపర్కినని బహిరంగంగా చెప్పుకుని నగర పాలకమండలికి ఎన్నికైన హార్వీ మిల్క్‌ల కోసం వేలమంది కొవ్వొత్తులతో కాస్ట్రో పేట నుంచి నడిచివచ్చారు. కేవలం నెలరోజుల కిందట అభ్యాసం మొదలుపెట్టిన శాన్‌ఫ్రాన్సిస్కో గే మెన్స్ కోరస్ అక్కడ మెండెల్‌సన్ కూర్చిన ఒక ప్రార్థనాగీతం పాడింది. అదే వారి తొలి బహిరంగ గానం. బృందం పేరులోనే తామెవరో చెప్పుకోవడం ఆ రోజుల్లో ఉద్యోగం, ఇల్లు, బంధువులు అన్నీ పణంగా పెట్టే పని. కచేరీ పత్రం మీద సొంత పేరు అచ్చువేయించుకోవడానికి భయపడే కాలమది.

తర్వాతి దశాబ్దంన్నరలో ఎయిడ్స్ ఆ బృందాన్ని తుడిచిపెట్టినంత పనిచేసింది. ఇప్పటిదాకా మూడువందలకు పైగా సభ్యులు దానికి బలయ్యారు. 1993లో తీసిన ఒక ఫొటో బృందం చరిత్రలో భాగమైపోయింది. మొదటి తరంలో బతికి మిగిలిన కొద్దిమంది తెల్లబట్టలలో మనవైపు తిరిగి నిలబడ్డారు. చుట్టూ వరుసలు వరుసలుగా నల్లబట్టలు వేసుకున్నవారు చనిపోయినవారి తరఫున వీపు చూపించి నిలబడ్డారు. ఫిస్క్‌లోనూ శాండ్ మౌంటెన్‌లోనూ ఎవరు ఎటు తిరిగారన్నది నేను వెతికి చూడవలసి వచ్చింది, ఈ ఫొటోలో అది తప్ప మరేమీ లేదు.

2017లో ఈ బృందం మిసిసిపీ, అలబామా, టెన్నెసీ, రెండు కరోలినా రాష్ట్రాలలో పర్యటించింది. ఆ రాష్ట్రాలలో తమవంటివారికి వ్యతిరేకంగా వస్తున్న చట్టాలే కారణం. ఓక్లండ్ నుంచి సర్వమత గాస్పెల్ బృందాన్ని కూడా వెంట తీసుకువెళ్ళారు. ఆ సభ్యులలో అదే దక్షిణాది నుంచి ఇంట్లోవాళ్ళు వెళ్ళగొడితే పడమటికి వచ్చినవాళ్ళున్నారు. అది సాహసమే. అయితే కొత్త ఊరికి వెళ్ళి రెండు గంటలు పాడి, చప్పట్లు అందుకుని బస్సెక్కడం ఒకటి, ఆ ఊళ్ళోనే ఉండి ప్రతి ఆదివారం ఆ చర్చి బల్లమీదే కూర్చుని పాడటం ఇంకొకటి. రెండోది చేస్తున్నవాళ్ళు అలబామాలోనూ ఉండి ఉంటారు, వాళ్ళ వెంట కెమెరాలు వెళ్ళవు.

వాలెన్సియా వీధిలో 2019లో కొనుక్కున్న సొంత భవనం ముందుకు వెళ్ళి చూశాను. ఏళ్ళ తరబడి ఈ బృందం క్రిస్మస్‌కు ముందు రోజు, డిసెంబరు 24న, కాస్ట్రో థియేటరులో కచేరీలు చేస్తూ వచ్చింది. దేశమంతా సొంత ఊళ్ళకు ప్రయాణమయ్యే ఆ రోజున, వెళ్ళడానికి ఇల్లు లేనివాళ్ళ కోసమని మొదలైన కచేరీ అది.